ఒక పెద్ద సంఖ్యను గూర్చి

గణిత పాఠమునందు నాలుగైదు ఉదాహరణములు సరిపోయినంతనే “ఇది యెల్లప్పుడును నిజమేనండి” అని విద్యార్థులు పలుకుట మేము తరచుగా వినుచుందుము. ఇట్టి పొరపాటు గొప్ప గణితజ్ఞునకును కలిగినదని తెలుపు సంఖ్య యొకటి కలదు. దానిని పరీక్షింతము.

2ను దానిచేతనే గుణించిన 4 వచ్చును; 4ను అట్లే గుణించిన 16; పిదప 256, 65,536. 2 మొదలు ఈ యైదింటికిని ఒక్కొక్కటి కలిపినచో 3, 5, 17, 257, 65,537 లభించును. ఇవి యన్నియు ప్రధాన సంఖ్యలే. అనగా 1యు తామును తప్ప వేరొక సంఖ్య వీనిని నిశ్శేషముగా భాగింపజాలదు. ఫ్రాన్సు దేశస్థుడగు ఫెర్మా, ఈ వరుసలోనివన్నియు ప్రధానములే యని నమ్ముచున్నట్లు 1640లో వ్రాసెను. నిరూపణము మాత్రము తనయొద్ద లేదనెను.

ఆరవ సంఖ్య 4,29,49,67,297. చివరి అంకె 7 గాన 2గాని, 5గాని దీనిని భాగింపవు. అంకెల మొత్తము 59 గాన 3 భాగింపదు. బేసి స్థానముల మొత్తము 21, సరి స్థానముల మొత్తము 38. భేదము 17 గాన 11యు భాగింపదు. ఇట్లు వరుసగా పోయినచో 65,536కు లోబడిన 6,542 ప్రధాన సంఖ్యలను పరీక్షింపవలసి వచ్చునేమో!

1732లో ఆయిలరు అను స్విట్జర్లాండు గణితజ్ఞుడు దీనిని 641 భాగించునని చూపెను. ఈ సంఖ్య యొక్క ప్రతి ప్రధాన కారణాంకమును 64 యొక్క గుణిజముకంటె 1 అధికముగా నుండవలెనని ఆయన తరువాత నిరూపించెను. అట్టి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదవ ప్రయత్నముననే ఫలితము!

విద్యార్థులారా, మా మాట నమ్మక మీరే గుణించి చూడుడు:

67,00,417 × 600 = 402,02,50,200
67,00,417 × 40 = 26,80,16,680
67,00,417 × 1 = 67,00,417
మొత్తము = 429,49,67,297

67,00,417 కూడ ప్రధాన సంఖ్యయే. కావున మన సంఖ్య బేసి సంఖ్య, సంయుక్త సంఖ్య, రెండు వేర్వేరు ప్రధానముల లబ్ధము. తాను గాక మిగిలిన భాజకములు 1, 641, 67,00,417. వీని మొత్తము 67,01,059. భాజకముల మొత్తము తనకు సమానమైన 6 వంటిది పరిపూర్ణ సంఖ్య. ఇది యంతకంటె మిక్కిలి తక్కువ గాన న్యూన సంఖ్య.

ఈ వరుసలో అటుపిమ్మట పరీక్షింపబడిన వానిలో ఒక్కటియు ఇంతవరకు ప్రధానముగా తేలలేదు. అయిదు ఉదాహరణములు నమ్మకము కలిగింపవచ్చును గాని నిరూపణము కానేరవు. ఫెర్మా కీర్తి దీనివలన తగ్గలేదు; నిరూపణము లేదని ఆయన దాచక చెప్పెను గదా. తెలిసినదానిని తెలిసినదిగను, తలంచినదానిని తలంచినదిగను వేరుపరచి చెప్పుట మా పిల్లలు నేర్చిన చాలును.