హెచ్.ఎం.టి. బియ్యం ఎవరివి?

హెచ్.ఎం.టి. సన్నబియ్యం పేరు మనలో చాలామంది విన్నదే. ఆ మూడు అక్షరాలు చేతి గడియారాల కంపెనీవి అనీ తెలుసు. మరి గడియారానికీ బియ్యానికీ ఏమిటి సంబంధం? దీనికి జవాబు వెతుకుతూ పోతే 'గ్రాస్‌రూట్ ఇన్నోవేషన్' అనే మాటకి అర్థం దొరుకుతుంది. ల్యాబూ డిగ్రీ పెట్టుబడీ ఏవీ లేకుండా, తన అవసరం కొద్దీ, చేతికి అందినవాటితోనే ఒక మనిషి కొత్త దారి కనిపెడితే దాన్ని అలా అంటారు. తెలుగులో 'అట్టడుగు స్థాయి ఆవిష్కరణ' అనుకుందాం. పొలం, చెత్త, దీపం: ఈ మూడింటిలో ఒక్కో ఉదాహరణ చూద్దాం. ప్రతిచోటా ఒకటే ప్రశ్న వేసుకుందాం. కనిపెట్టిన ఆ తెలివి తర్వాత ఎవరి చేతికి పోయింది?

1. పొలం

మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా నాందేడ్ అనే పల్లెలో దాదాజీ రామాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు ఉండేవారు. చదువు మూడో తరగతి వరకే. 1983లో 'పటేల్ 3' రకం వరి పొలంలో రెండు మూడు కంకులు మిగతావాటికన్నా వేరుగా, పసుపు రంగులో కనిపించాయి. వాటిని విడిగా కోసి దాచారు. మరుసటి పంటకి వేరేగా నాటి, మళ్లీ మంచివి ఏరారు. వరి చాలావరకు తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. అందుకే ఇలా కొన్నేళ్లు ఓపికగా ఏరుతూ పోతే కొత్త గుణం నిలబడుతుంది. ఎరువూ యంత్రమూ ఏమీ అక్కర్లేదు. కావలసింది చూసే కన్ను, అంతే.

పేరు లేని ఆ సన్నధాన్యం అంగడికి చేరితే, ఒక వ్యాపారి ఆ రోజుల్లో అందరికీ మోజున్న గడియారం పేరు దానికి తగిలించాడు. 1994లో ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు ప్రయోగానికని ఆయన దగ్గర విత్తనం తీసుకున్నారు. 1998లో తమ పేరు ముందు చేర్చి విడుదల చేశారు. శుద్ధి చేసింది మేమే కదా అని వారి వాదన. బియ్యం ఎన్నో రాష్ట్రాలకు పాకింది. రైతు పేరు మాత్రం సంచి మీదికి రాలేదు. 2005లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆయన్ని గౌరవించింది. 2018లో ఆయన చనిపోయారు.

2. చెత్త

తమిళంలో 'కుప్పై' అంటే చెత్త. మనకి 'కుప్ప' అంటే వరికుప్ప కూడా. ఒకే మాటలో పారేసేదీ ఉంది, దాచుకునేదీ ఉంది. బ్రెజిల్ దేశంలో ఉబెరాబా ఊరి మెకానిక్ ఆల్‌ఫ్రెడో మోజర్ చేసింది దాదాపు అదే. 2002లో కరెంటు కోతల సమయంలో, పారేసే రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో నీళ్లు నింపి, నాచు పట్టకుండా రెండు మూతల బ్లీచ్ కలిపారు. ఇంటి కప్పుకి కన్నం చేసి, సీసా సగం పైకి సగం లోపలికి ఉండేలా బిగించారు. వాన నీరు కారకుండా చుట్టూ రెసిన్ పూశారు. పైన పడిన ఎండ నీళ్లలో వంగి గదంతా పరుచుకుంటుంది. ఎండని బట్టి 40 నుంచి 60 వాట్ల బల్బంత వెలుతురు, ఖర్చులేని పగటి దీపం.

రాత్రికి ఇది పనిచేయదు. 2011లో ఫిలిప్పీన్స్‌లో ఇలాక్ డియాజ్ ఈ పద్ధతిని 'లీటర్ ఆఫ్ లైట్' పేరుతో వేల ఇళ్లకి చేర్చారు. రాత్రి కోసం చిన్న సోలార్ పలక, ఎల్.ఇ.డి. చేర్చడం తర్వాత వచ్చింది. ఈ ఉదాహరణలో ఆలోచన ఎంత దూరం పోయినా మోజర్ పేరు దాని వెంటే ఉంది.

3. దీపం

రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజీలో చదువురాని పల్లె ఆడవాళ్లు సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్చుకుంటారు. వారిలో చాలామంది అమ్మమ్మలు, నానమ్మలు. ఆఫ్రికా దేశాల నుంచి కూడా వస్తారు. ఒకరి భాష ఒకరికి రాదు. రంగుల గుర్తులు, చేతి సైగలే పాఠ్యపుస్తకం. సుమారు ఆరు నెలల్లో టంకం పెట్టడం, ప్యానెల్‌కీ బ్యాటరీకీ తీగలు కలపడం వచ్చేస్తుంది. పెద్దవాళ్లనే ఎందుకు తీసుకుంటారంటే, నేర్చుకున్నాక ఊరు వదిలి పట్నం పోరు. దీపం చెడిపోతే ఊళ్లోనే బాగుచేసే చేయి ఉంటుంది.

తేనెటీగ నియమం

ఈ ప్రశ్ననే 1980ల చివర అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం. ప్రొఫెసర్ అనిల్ గుప్తా వేసుకున్నారు. పల్లె జనం దగ్గర తెలివి తీసుకుని ఇంగ్లీషులో వ్యాసం రాస్తే, ఇచ్చినవాడికి మిగిలేదేమిటి? అలా పుట్టింది 'హనీ బీ నెట్‌వర్క్'. తేనెటీగ తేనె తీసుకున్నా పువ్వు నష్టపోదు, పైగా పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి చేరుతుంది. అందుకే వారి నియమాలు: కనిపెట్టినవారి పేరు చెప్పాలి, లాభం వస్తే వారికీ పంచాలి, విషయాన్ని వారి భాషలోనే తిరిగి వారికి చేర్చాలి. తమిళంలో మదురై నుంచి 'నమ్ వళి వేళాణ్మై' పత్రిక ఈ పని చేసింది. తెలుగులో హైదరాబాదులోని 'పల్లె సృజన' చేస్తోంది. చీర నేతకి ముందు ఆసు పోసేటప్పుడు ఆడవాళ్లు వేలసార్లు చేయి తిప్పాలి. అమ్మ పడే ఆ నొప్పి చూడలేక చింతకింది మల్లేశం యంత్రం చేసి, దానికి అమ్మ పేరే 'లక్ష్మి' అని పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది.

భాష చదివే మనకి ఇక్కడే పని ఉంది. మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పప్పుగింజలకి ఎర్రమట్టి పట్టించి నిల్వ చేయడం, ధాన్యంలో వేపాకు వేయడం, విత్తనానికి బూడిద కలపడం లాంటివి చెప్పే పెద్దవాళ్లు తెలుగు మాటల్లోనే చెబుతారు. ఆ మాటలు మనం రాసుకోకపోతే, పద్ధతీ పోతుంది, పేరూ పోతుంది.

కాబట్టి ఈ సెలవుల్లో ఒక్కొక్కరం ఒక్క పద్ధతి అడిగి తెచ్చుకుందాం. కాగితం మీద మూడే గళ్లు: చెప్పినవారు ఎవరు, ఏ ఊరు; ఎలా చేస్తారు; దానికి వాడిన మాట ఏమిటి. మాటని దిద్దకండి, విన్నది విన్నట్టే రాయండి. పేరు వేయడానికి వారి ఒప్పుదల అడగండి. వచ్చినవన్నీ వచ్చే సంచికలో ఈ గోడ మీదే పెడదాం.