168 గంటల లెక్క

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే హైదరాబాద్, విజయవాడ, గుంటూరు హాస్టళ్ళలో శనివారం సాయంత్రానికి చాలా గదులు ఖాళీ అవుతాయి. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు ఇస్త్రీ చేసుకుని కుర్రాళ్ళు ఫంక్షన్ హాళ్ళకు బయల్దేరతారు. బఫే టేబుళ్ళ వెనక నిలబడి బిర్యానీ వడ్డించే ఆ క్యాటరింగ్ బాయ్స్‌లో బీకాం చదివేవాళ్ళుంటారు, బీటెక్ రెండో ఏడాదివాళ్ళుంటారు. ఆఖరి చుట్టాలు తిని వెళ్ళి, గిన్నెలు సర్దేసరికి అర్ధరాత్రి దాటుతుంది. చేతికొచ్చిన డబ్బు మెస్ బిల్లుకో, పరీక్ష ఫీజుకో పోతుంది. మామూలు రోజుల్లో ఇంకొందరు కాలేజీ వదలగానే బైకెక్కి ఫుడ్ డెలివరీకి వెళ్తారు. ట్యూషన్లు చెప్పేవాళ్ళు, సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్లో కూర్చునేవాళ్ళు, కాల్ సెంటర్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు వేరే.

వీళ్ళకు పెద్దలిచ్చే సలహా ఒకటే: కష్టపడు. కష్టం వీళ్ళకు కొత్త కాదు. కావలసింది లెక్క. వారంలో ఉన్న గంటలెన్ని, వాటిలో ఉద్యోగానికి ఇవ్వగలిగినవెన్ని అనేది ముందే తేల్చుకోవాలి. తేల్చుకున్నది మేనేజరుకీ లెక్చరరుకీ ఇంట్లోవాళ్ళకీ నోరు తెరిచి చెప్పాలి. ఈ రెండూ చేయగలిగినవాళ్ళు చదువునూ ఉద్యోగాన్నీ నెగ్గుకొస్తారు. లోపల దాచుకుని లాక్కొచ్చేవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళయినా ఏదో ఒక సెమిస్టర్లో చతికిలపడతారు.

కాగితం మీద పెడితే

ఎవరి వారమైనా 168 గంటలే. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్య నిపుణులు చెబుతారు. ఆ లెక్కన నిద్రకే 49 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున ఆరు రోజుల కాలేజీకి 36. సిటీ బస్సులో రానూపోనూ రోజుకు రెండు గంటలైతే మరో 12. స్నానం, తిండి, బట్టలుతుక్కోవడం లాంటివాటికి రోజుకు మూడు గంటలనుకుంటే 21. సొంతంగా చదువుకోవడానికి, రికార్డులకు, అసైన్‌మెంట్లకు 15. అన్నీ కలిపితే 133. మిగిలేవి 35.

ఈ 35 చూసి చాలామంది పొరబడతారు. వారానికి 20 గంటల పని ఒప్పుకుంటే ఇంకా 15 చేతిలో ఉంటాయి. జ్వరం, చుట్టాలింట్లో పెళ్ళి, మిడ్స్ ముందు రోజులు అన్నీ ఆ పదిహేనులోనే ఇమడాలి. అదే రోజుకు ఆరు గంటల షిఫ్టు ఆరు రోజులు చేస్తే 36 గంటలు. పైకి ఒక్క గంటే అప్పు. పనిచోటుకి వెళ్ళొచ్చే సమయం కలిపితే అప్పు పెరుగుతుంది. దాన్ని ముందు నిద్రలోంచి తీరుస్తారు. నిద్ర చాలక పొద్దున్నే లేవలేనప్పుడు మొదటి పీరియడ్లోంచి తీరుస్తారు.

ఆ మొదటి పీరియడ్ దగ్గరే గండం మొదలవుతుంది. రోజుకు ఆరు పీరియడ్లున్నచోట రోజూ ఒకటి పోతే అటెండెన్స్ 83 శాతానికి వస్తుంది. రెండు పోతే 66 దగ్గరకు జారుతుంది. జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం హాజరు తప్పనిసరి. అనారోగ్యం లాంటి కారణం చూపి, కండోనేషన్ ఫీజు కడితే 65 వరకు మన్నిస్తారు. అంతకంటే తగ్గితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్ళీ మొదట్నుంచి చదవాల్సిందే. ఫీజు రీయింబర్స్‌మెంటూ హాజరుతోనే ముడిపడి ఉంటుంది. నెలజీతం కోసం ఏడాది ఫీజును పణంగా పెడుతున్నామని చాలామందికి డిటెయిన్ లిస్టు నోటీసు బోర్డెక్కాకే తెలుస్తుంది.

20 దగ్గర గీత ఎందుకు?

బయటి దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు ఫుల్‌టైమ్ చదువుతో పాటు ఎంతసేపు పనిచేయొచ్చన్న ప్రశ్నకు చాలా దేశాలు చట్టంలోనే జవాబు రాసిపెట్టాయి. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయాలి. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ విద్యార్థులకు టర్మ్ నడిచేటప్పుడు 20. ఆస్ట్రేలియా 2023 జులై నుంచి రెండు వారాలకు 48 గంటలని తేల్చింది. కెనడా 2024 నవంబరులో క్యాంపస్ బయటి పనికి వారానికి 24 గంటలు ఖాయం చేసింది. ఇన్ని దేశాలు 20కి అటూ ఇటూగానే ఆగాయి. వచ్చినవాడు చదువుకోవడానికి వచ్చాడన్న మాట నిలబడాలంటే పనిగంటలు అక్కడ ఆగాలన్నది ఆ నిబంధనల వెనక ఉన్న ఆలోచన.

తెలుగు కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. ఎడ్యుకేషన్ లోన్ వాయిదాలు గుర్తొచ్చి అక్కడి గ్యాస్ స్టేషన్లో, రెస్టారెంట్లో అనుమతి లేకుండా నగదుకు పనిచేసే పిల్లలున్నారు. దొరికితే వీసా స్టేటస్ పోతుంది, చదువు మధ్యలో ఆగుతుంది, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఇక్కడ హైదరాబాద్‌లో అలాంటి చట్టం లేదు కాబట్టి ఆ గీత ఎవరికి వాళ్ళే గీసుకోవాలి.

గంటల సంఖ్య ఎంత ముఖ్యమో, పని ఎలాంటిదన్నదీ అంతే ముఖ్యం. ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో ట్యాలీ ఎంట్రీలు వేసే బీకాం విద్యార్థినే తీసుకుంటే, ప్రతి నెలా 11కి జీఎస్‌టీఆర్-1, 20కి జీఎస్‌టీఆర్-3బీ దాఖలు చేయాలి. ఆ తేదీల ముందు ఆఫీసు వదలడం ఆలస్యమవుతుందని అతనికి నెల మొదట్లోనే తెలుసు. పైగా క్లాసులో చెప్పే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అతను సాయంత్రం కళ్ళారా చూసే ఇన్వాయిసుల్లోనే ఉంటుంది. డెలివరీ పనిలో జీతం కాస్త ఎక్కువ రావచ్చు. కానీ ఇంకో రెండు ఆర్డర్లు చేస్తే ఇన్సెంటివ్ వస్తుందన్న ఆశ రాత్రి పదకొండు దాకా రోడ్డు మీదే ఉంచుతుంది. రెండు పనులు దొరికినప్పుడు వంద తక్కువిచ్చినా ముగింపు వేళ ఖాయంగా ఉన్నదాన్నే పట్టుకోవడం మేలు.

చదివే గంట తక్కువైనప్పుడు

పనిచేసే విద్యార్థికి చదవడానికి దొరికే సమయం తక్కువ. దాన్ని పదేపదే అదే పేజీ తిరగేయడానికి ఖర్చు పెట్టకూడదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్నే పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు. మరికొందరు చదివి, కాగితం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారైంది. మూసి గుర్తుచేసుకున్నవాళ్ళకే ఎక్కువ గుర్తుంది.

దీన్ని బస్సులోనూ వాడుకోవచ్చు. ఉదయం క్లాసు అవగానే ఆ పాఠం మీద ఐదు ప్రశ్నలు అరఠావు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి, జవాబులు రాయకూడదు. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట వెళ్ళే దారిలో ఒక్కో ప్రశ్నా చదివి, కిటికీలోంచి చూస్తూ జవాబు లోలోపల చెప్పుకోవాలి. రానిది ఏదో అక్కడే బయటపడుతుంది. రాత్రి పుస్తకం తెరిచేది ఆ ఒక్కదాని కోసమే.

పనిలోంచి చదువులోకి మారేటప్పుడు మనసు వెంటనే రాదు. ఒక పని ముగియకుండా ఇంకోదానికి మారితే కొంత ధ్యాస పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరోయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. అందుకే షిఫ్టు దిగేముందు రేపు చేయాల్సినవి రెండు ముక్కలు రాసిపెట్టుకోవడం, గదికి రాగానే ఆఫీసు వాట్సాప్ గ్రూపును మ్యూట్‌లో పెట్టడం మంచిది.

దాచుకుంటే రెండూ చెడతాయి

ఇంత లెక్కా వేసుకున్నవాళ్ళు కూడా ఒకచోట తడబడతారు. పనిచేస్తున్నట్టు లెక్చరరుకి చెప్పరు, పరీక్షలున్నట్టు మేనేజరుకి చెప్పరు. క్యాటరింగ్‌కి వెళ్తున్నామని స్నేహితులకు చెప్పడానికి నామోషీ. తీరా ల్యాబ్ ఇంటర్నల్ రోజే షిఫ్టు పడితే ఒకచోట అబద్ధం చెప్పక తప్పదు.

నామోషీ పడాల్సిన పనిలేదనడానికి శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే సాక్ష్యం. భీమవరంలో పుట్టి, 1920లలో హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి బోస్టన్ వెళ్ళిన ఆయన, పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో పోర్టరుగా రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. ఆ తర్వాతే సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి రూపొందించారు. 1925లో ప్రచురితమైన ఆ పద్ధతి నేటికీ వాళ్ళిద్దరి పేర్లతోనే చలామణీలో ఉంది.

పనిని దాచాల్సిన అవసరమే లేకుండా నడిచే విద్యాసంస్థలూ ఉన్నాయి. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 1855లో మొదలైన బెరియా కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు పనిచేయాలి. మహారాష్ట్రలో భావురావ్ పాటిల్ 1919లో స్థాపించిన రయత్ శిక్షణ్ సంస్థ, సంపాదించుకుంటూ చదువుకోవడాన్నే తన పద్ధతిగా పెట్టుకుంది. అలాంటిచోట్ల పని టైమ్ టేబుల్లో ఒక భాగం.

మామూలు కాలేజీలో ఆ ఏర్పాటు విద్యార్థే చేసుకోవాలి. సెమిస్టర్ మొదట్లో అకడమిక్ క్యాలెండర్ వస్తుంది. మిడ్స్, ఎండ్ పరీక్షల తేదీలు అందులో ఉంటాయి. దాన్ని ఫొటో తీసి ఆ వారమే మేనేజరుకి పంపాలి. “సార్, ఈ రెండు వారాలూ నాకు పరీక్షలు. సగం షిఫ్టే చేయగలను. బదులుగా ముందు నెలలో రెండు ఆదివారాలు వస్తాను” అని చెబితే ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆఖరి నిమిషంలో సెలవడిగితేనే చిరాకు పడతారు. లెక్చరరుకీ అంతే: “మేడమ్, సాయంత్రాలు పనికి వెళ్తున్నాను. రికార్డు శనివారం కాకుండా సోమవారం పొద్దున్నే ఇస్తాను” అన్న ఒక్క మాట చాలు.

ఇంట్లో చెప్పడం అమ్మాయిలకు ఇంకా అవసరం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపనిలో పాలుపంచుకునే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చించారు, మగవాళ్ళు 97. కాలేజీ, ఉద్యోగం ముగించుకుని ఇంటికొచ్చిన ఆడపిల్లకు అంట్లు ఎదురుచూస్తుంటే అది మూడో ఉద్యోగం. ఆ గంటలు కూడా కాగితం మీదకెక్కాలి. తమ్ముడూ అన్నయ్యా పంచుకోవాల్సిన వాటా ఎంతో అప్పుడు అందరికీ కనిపిస్తుంది.

ఎంత సర్దినా లెక్క కుదరని ఇళ్ళున్నాయి. నాన్న మంచాన పడ్డాడు, నెలకు ఇంత తేవాల్సిందే అంటే 20 గంటల గీత దాటక తప్పదు. అప్పుడు మార్చాల్సింది చదివే పద్ధతిని. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైన డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. అక్కడ పూర్తికాలం ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదవొచ్చు. ఉద్యోగాల్లో ఉన్న డిప్లొమావాళ్ళ కోసం వీలైన వేళల్లో బీటెక్ క్లాసులు పెట్టుకునేందుకు 2023-24 నుంచి ఏఐసీటీఈ కాలేజీలకు అనుమతిస్తోంది. రెగ్యులర్ కాలేజీలో డిటెయినయ్యాక ఈ దారులు వెతుక్కునేవాళ్ళే ఎక్కువ. మొదటి సెమిస్టర్లోనే కాగితం మీద లెక్క వేసి, కుదరదని తేలగానే మారితే, డిగ్రీ పట్టాతో పాటు ఒక ఏడాది ఫీజూ మిగులుతుంది.