మన పన్ను, మన వాటా

దుకాణంలో సబ్బు కొంటాం. ధరతో పాటు పన్ను కూడా కడతాం. దాన్ని జి.ఎస్.టి. అంటారు. ఇది 2017లో వచ్చింది. ఈ పన్నులో సగం రాష్ట్రానికి, సగం కేంద్రానికి పోతుంది.

కేంద్రం తన పన్నుల్లో కొంత రాష్ట్రాలకు పంచాలి. ఎవరికెంతో ఆర్థిక సంఘం చెబుతుంది. 2021 నుంచి 2026 వరకు నూటికి 41 రూపాయలు పంచమని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. సెస్సు, సర్‌ఛార్జి పేరుతో వచ్చే డబ్బు ఈ పంపకంలోకి రాదు.

పంచిన ప్రతి నూరు రూపాయల్లో ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 4 రూపాయలు, తెలంగాణకు 2 రూపాయలు వచ్చాయి. బీహారుకు 10 రూపాయలు వచ్చాయి. ఎందుకిలా? బీహారులో జనం ఎక్కువ, ఆదాయం తక్కువ. అక్కడి తల్లులకూ ఆసుపత్రి కావాలి. పిల్లలకు బడి కావాలి. ఇంట్లో బక్కచిక్కిన బిడ్డకు ఒక ముద్ద ఎక్కువ పెడతాం కదా!

మరి దక్షిణాది రాష్ట్రాల బాధ ఏమిటి? పూర్వం 1971 జనాభా లెక్కకు ఎక్కువ విలువ ఇచ్చేవారు. 15వ సంఘం 2011 లెక్కే చూసింది. “మేం కుటుంబాలు తగ్గించుకున్నాం. అందుకు మా వాటా కోస్తారా?” అని ఈ రాష్ట్రాలు అడిగాయి. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలకు సంఘం కొంత కలిపింది. అయినా కర్ణాటక వాటా 4 రూపాయల 71 పైసల నుంచి 3 రూపాయల 65 పైసలకు తగ్గింది. అక్కడ ఆదాయం పెరగడమూ ఒక కారణం. 2024 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి, మంత్రులు ఢిల్లీలో ధర్నా చేశారు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఎక్కువగా చేయించుకున్నది ఆడవాళ్ళమే. కాబట్టి ఈ లెక్క మనకూ తెలియాలి. ఓటడగడానికి వచ్చినవాళ్ళను అడుగుదాం: “మా రాష్ట్రానికి ఎంత వచ్చింది? అందులో మా ఊరికి ఎంత చేరింది?”

చర్చించండి: పేద రాష్ట్రానికి అన్యాయం జరగకూడదు. జనాభాను అదుపు చేసిన రాష్ట్రానికి నష్టం రాకూడదు. మరి ఎలా పంచాలి?