సాయానికీ ఒక కొలత

అమెరికాలో స్పానిష్ భాష మాట్లాడేవాళ్లు 4 కోట్లమందికి పైగా ఉన్నారు. వాళ్లలో కొందరికి ఇంగ్లీషు సరిగా రాదు. కానీ అక్కడ డాక్టర్లు ఎక్కువమంది మాట్లాడేది ఇంగ్లీషే.

అలాంటి ఒక తల్లి ఉందనుకోండి. ఆమెకు షుగరు జబ్బు. అది ఒక్కసారి మందేస్తే పోయేది కాదు. ఏడాదికి 4 సార్లు ఆస్పత్రికి పోతుంది. మిగతా 361 రోజులు ఎవరు చూస్తారు? ఆమే చూసుకోవాలి. వేళకు మందు వేసుకోవాలి. తిండి చూసి తినాలి. నడవాలి. కాళ్లకు పుండ్లు పడకుండా కాచుకోవాలి.

ఇందుకు ఆస్పత్రివాళ్లు ఆమెకు సాయం చేస్తున్నారా? రక్తం తీసి షుగరు కొలుస్తారు. మరి సాయాన్ని ఎలా కొలుస్తారు?

ఆమెనే అడిగి కొలుస్తారు.

అమెరికాలో 2005లో వైద్య పరిశోధకులు ఒక ప్రశ్నల పత్రం ప్రకటించారు. అందులో 20 ప్రశ్నలున్నాయి. గడిచిన 6 నెలల సంగతులు అడుగుతారు. అవి ఇలా ఉంటాయి:

వైద్యం గురించి మీ అభిప్రాయం అడిగారా?
మందులతో ఇబ్బంది ఉందా అని అడిగారా?
ఏమేం చేయాలో కాగితం మీద రాసిచ్చారా?
మీరు ఇంటికి వెళ్లాక ఎలా ఉన్నారో కనుక్కున్నారా?

ఎన్నడూ లేదంటే 1. ఎప్పుడూ ఉందంటే 5. మధ్యలో 2, 3, 4. అన్నీ కూడి 20తో భాగిస్తారు. మొత్తం 60 వస్తే సగటు 3. మొత్తం 30 వస్తే ఒకటిన్నర. అంటే సాయం తక్కువన్నమాట. ఈ మార్కులు ఆ తల్లికి కావు. ఆస్పత్రికి!

కానీ పత్రం ఇంగ్లీషులో ఉంటే ఆమె ఏం చెబుతుంది? అర్థం కాక "అంతా బాగానే ఉంది" అంటుంది. అప్పుడు కొలత తప్పుతుంది. ఆమె కష్టం ఎవరికీ తెలియదు.

అందుకే ఆ పత్రాన్ని స్పానిష్‌లోకి మార్చారు. మార్చితే చాలదు. తూకం రాళ్లను సరిచూసినట్టు దాన్నీ సరిచూడాలి. స్పానిష్ మాట్లాడే షుగరు రోగులను అడిగి సరిచూశారు. నమ్మదగిందని తేలింది. ఆ వివరాలు 2008లో అచ్చయ్యాయి.

రోగి చెప్పే మాట కూడా ఒక కొలతే. అది ఆమె భాషలో అడిగితేనే నిజం బయటికొస్తుంది.

ఆలోచించండి, రాయండి

1. ఆ మార్కులు ఎవరికి? ఎందుకు?
2. మీ ఇంట్లో షుగరు, బి.పి. ఉన్నవాళ్లు ఉన్నారా? ఈసారి డాక్టరును అడగవలసిన 2 ప్రశ్నలు రాసి పెట్టుకోండి.