నాలుగు వైపులా కొలిస్తే చాలదు

ప్రశ్న: మా ప్లాటు ఎదురెదురు భుజాలు సమానమే: 20, 30 అడుగులు. అయినా మేస్త్రి మూలమట్టం కుదరలేదంటున్నాడు. ఇది దీర్ఘచతురస్రం కాదా?
- ఓ పాఠకురాలు, బోరబండ

జవాబు: మేస్త్రి మాట కొట్టిపారేయకండమ్మా. ఎదురు భుజాలు సమానమైతే అది సమాంతర చతుర్భుజమని మాత్రమే ఖాయం. దానికి ఒక్క మూల 90 డిగ్రీలుంటే దీర్ఘచతురస్రం అవుతుంది. నాలుగు భుజాలూ సమానమైతే సమచతుర్భుజం. రెండు లక్షణాలూ ఉన్నదే చతురస్రం. బడిలో వీటిని వేటికవే విడి బొమ్మలుగా నేర్పడం నాకు నచ్చదు, చతురస్రం ఆ రెండు కుటుంబాలదీ కదా!

మీ ప్లాటు మూల 90 డిగ్రీలో కాదో తేలాలంటే, టేపు పట్టి రెండు కర్ణాలూ మూల నుంచి మూలకు కొలిపించండి. రెండూ 36 అడుగుల మీద అంగుళంలోపే, సమానంగా రావాలి. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయితే ప్లాటు పక్కకు వాలినట్టే. అప్పుడు విస్తీర్ణం 600 చదరపు అడుగుల కన్నా తగ్గుతుంది. పునాది తవ్వకముందే చూసుకోండి.