పెన్సిళ్ళ జంతువులు, నోవా ఓడ



1959లో వాల్ట్ డిస్నీ సంస్థ ‘నోవాస్ ఆర్క్’ అనే పొట్టి చిత్రం తీసింది. దర్శకుడు బిల్ జస్టిస్. జంతువులన్నీ పెన్సిళ్ళు, బిరడాలు వంటి ఇంటి సామానుతో చేసినవే. బొమ్మను కాస్త కదిపి ఒక ఫొటో, మళ్ళీ కదిపి మరొకటి. ఎంత ఓపిక! ఆస్కారు పోటీకి కూడ నిలిచింది. పిల్లలకు చూపదగినదే.

అయితే సినిమా నవ్విస్తుంది, ఆదికాండము నవ్వించదు. లోకం దౌర్జన్యముతో నిండినదనీ, దేవుని హృదయము నొచ్చుకొన్నదనీ 6వ అధ్యాయం చెబుతుంది. నోవా ఒక్క మాటా పలుకడు. చెప్పినది చేశాడు, అంతే.

“మిగతావాళ్ళు మునిగిపోయారా అమ్మా?” అని బిడ్డ అడిగితే మాట తప్పించకండి. మునిగారనే చెప్పండి. కాని 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ వరద వేలమందిని మింగింది. వాళ్ళంతా పాపులని ఎవరనగలరు? భూమిని ఇక జలప్రళయముతో నాశనం చేయనని దేవుడు ఇంద్రధనుస్సు గుర్తుగా నిబంధనము చేశాడు గదా (ఆది 9).

ఇంద్రేశం, పటాన్‌చెరు ఇళ్ళలో షిఫ్టు డ్యూటీల నడుమ అందరూ కలిసి కూర్చొనేది ఏ ఆదివారం సాయంత్రమో. సినిమా అయ్యాక 8వ అధ్యాయం మొదటి వచనం పిల్లలచేతనే చదివించండి. దేవుడు నోవాను జ్ఞాపకము చేసికొన్నాడు, ఓడలోని జంతువులను కూడ.