తోటగోడకు పునాది

ఎత్తుపల్లములు గల స్థలమున తోట వేయువారు పైమట్టి క్రిందికి జారకుండుటకై గోడ కట్టుదురు. ఇది ప్రహరీగోడ వంటిది కాదు. ప్రహరీకి ఇరువైపుల గాలియే యుండును; దీనికి ఒకవైపున మట్టి యానుకొని రేయింబవళ్లు త్రోయుచుండును. అట్టి గోడను నిలుపునది కంటికి కానరాని పునాదియు, నీటికి విడిచిన దారియునని విద్యార్థులకు తెలుపుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

మన నగరమున ఇట్టి గోడల యవసరము మెండు. పడమట జూబిలీ హిల్సు, బంజారా హిల్సు గుట్టలును, తూర్పున హుస్సేన్ సాగరమును గలవు. ఆ నడుమనే మధురానగర్, అమీర్‌పేట, పంజాగుట్ట యున్నవి. వాననీరు పల్లమును వెదకునే గాని యిండ్ల హద్దులను ఎరుగదు.

మొదట లెక్క చూతము. 1 మీటరు ఎత్తుగల పొడిమట్టి, గోడ పొడవున మీటరు ఒక్కింటికి సుమారు 300 కిలోల బరువుతో త్రోయును. ఎత్తు 2 మీటర్లైనచో ఆ త్రోపు 600 కాదు, 1200 కిలోలగును. గోడను బోర్ల పడద్రోయు ప్రభావము 8 రెట్లగును. వెనుక మట్టిలో నీరు నిండి నిలిచెనా, త్రోపు రెట్టింపునకు మించును. కావున 1 మీటరు మించిన గోడను ఇంజనీరు లెక్క కట్టనిదే తలపెట్టరాదు.

ఇక పునాది. పోసిన మట్టిని నమ్మరాదు. రేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును. వీనిని తీసివేసి, గ్రానైటు రాయి చివికి యేర్పడిన గట్టి మొరము తగులువరకు త్రవ్వవలెను. 1 మీటరు గోడకు పునాది వెడల్పు 60 సెంటీమీటర్లకును, లోతు 45 సెంటీమీటర్లకును తగ్గకుండుట మేలు. గుంట అడుగు సమతలముగా నుండవలెను. నేల వాలైనచో మెట్లుగా త్రవ్వవలెను. పిమ్మట నీరు చిలికి దిమ్మిసతో గట్టిపరుపవలెను.

కాంక్రీటునకు 1 పాలు సిమెంటు, 2 పాళ్లు ఇసుక, 4 పాళ్లు కంకర చాలును. 50 కిలోల బస్తాకు నీరు 30 లీటర్లు మించరాదు. పలుచని కలుపు పనివానికి సులువే గాని, మిగులు నీరు ఆరిపోయినచోట సన్నని రంధ్రములు నిలిచి కాంక్రీటు బలహీనమగును. కాంక్రీటు ఎండుటచే గట్టిపడునని పలువురు తలంతురు. అది పొరపాటు. సిమెంటు నీటితో కలిసి మార్పు చెందుటచేతనే గట్టిపడును. అందుచే గోనెసంచులు కప్పి కనీసము 7 దినములు, వేసవిలో 10 దినములు తడుపుచుండవలెను.

గోడ కట్టునపుడు అడుగుభాగమున ఒకటిన్నర మీటరు కొకటిగా గొట్టములను వెలుపలికి వాలునట్లు అమర్చవలెను. వాని వెనుక 30 సెంటీమీటర్ల మందమున కంకర నింపనిచో మట్టి చేరి దారి మూసికొనిపోవును.

ఈ జాగ్రత్తలన్నియు ఎవరికొరకు? 2024 మే 7వ తేదీ సాయంకాలము పెద్దవాన కురిసినపుడు, హైదరాబాదు చేరువనున్న బాచుపల్లిలో కట్టుచున్న భవనమువద్ద గోడ కూలి 7గురు మరణించిరి. వారు పొట్టకూటికై పరరాష్ట్రములనుండి వచ్చిన కూలీల కుటుంబములవారు. వారిలో నాలుగేండ్ల పసివాడొకడు. గోడ మేలు పైనున్నవారిది. పడినపుడు కీడు క్రిందనున్నవారిది. పునాదిలో మిగిల్చిన రూపాయి మన సొమ్ము కాదని దీనివలన గ్రహింపవలెను.

విద్యార్థులు వచ్చు వానకాలమున తమ వీధిలోని యిట్టి గోడలను దూరమునుండి పరిశీలింతురు గాక. పైమట్టి నానియున్నను గొట్టములనుండి చుక్క రాకున్న యెడల, గోడ ముందునకు ఒరిగినను, క్రొత్త బీట కనబడినను, వెంటనే ఇంటి పెద్దలకును, గోడ క్రింద కాపురమున్నవారికిని తెలుపవలెను.